పగిలిన గూబకు అతుకు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు అల్లరి మితిమీరితే పెద్దవాళ్ళ నోట వెంటనే వచ్చే మాట ఒకటుంది. "గూబ పగిలిపోగలదు, జాగ్రత్త!" అని. ఆ మాట అన్నవారికీ, విన్నవారికీ కూడా అది ఉత్త బెదిరింపే. కాని గూబ అన్నది నిజంగా ఉంది. అది నిజంగానే పగులుతుంది. డాక్టర్లు దాన్నే కర్ణభేరి అంటారు. అది ఎలా పగులుతుందో, పగిలినదాన్ని ఈ రోజుల్లో ఎలా అతుకుతున్నారో, ఆ అతుకు నిలవాలంటే ఇంట్లో మనం ఏం చేయాలో ఈ పూట చెప్పుకుందాం.

మాది పాతపట్నం. మహేంద్రతనయకు ఈ ఒడ్డున మేము, ఆ ఒడ్డున పర్లాకిమిడి. ఇటు తెలుగు, అటు ఒడియా. రెండు భాషలూ కలిసిపోయిన ఊళ్ళు ఇవి. నీలమణి దుర్గమ్మ గుడి దగ్గరో, బజారులోనో నలుగురు ఆడవాళ్ళు కలిసినప్పుడు కాస్త పరకాయించి చూడండి. ఒకావిడ తల కొంచెం పక్కకు తిప్పి, మంచి చెవి మన వైపు పెట్టి మాట్లాడుతుంది. అడిగితే, "సిన్నప్పట్నించీ ఉన్నదే గదప్పా! పడిశం పడితే కారతాది, తగ్గిపోద్ది. దానికేటి, పేనం పోద్దేటి?" అంటుంది.

ఈ మాట ఒక్క మా ఊళ్ళోనే కాదు, శ్రీకాకుళంలో వినవచ్చు, విజయనగరంలో వినవచ్చు, విశాఖపట్నం మేడల్లో ఉన్న చదువుకున్న ఇల్లాళ్ళ దగ్గరా వినవచ్చు. ప్రాణం పోదు సరే, చాలా వరకు పోదు. కాని వినికిడి పోతుంది. పైగా ఒక రకం చెవి చీము ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఉంది. ఏది ఏ రకమో దూది పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే తెలియదు. అందుకే ఈ సంగతి ఎత్తుకున్నాను.

ముందు ఈ గూబ ఎలా ఉంటుందో చూద్దాం. మనకు పైకి కనిపించే చెవి డొప్ప. కమ్మలు, దుద్దులు, బుట్టలు అన్నీ దానికే. మన ఆరాటమంతా కూడా దాని మీదే. బరువు కమ్మలకు తమ్మె సాగితే కంగారు పడతాం. తెగిన చెవి తమ్మెను అతికే పద్ధతులు మన సుశ్రుత సంహితలోనే ఉన్నాయంటే, ఆ ఆరాటం ఎంత పాతదో చూడండి! డొప్ప నుంచి లోపలికి ఇంచుమించు ఒక అంగుళం పొడుగున వంకర తిరిగిన సన్నని దారి ఉంటుంది. ఆ దారి చివర తలుపులా అడ్డంగా బిగించి ఉన్న పొరే కర్ణభేరి. ఇంచుమించు ఒక సెంటీమీటరు వెడల్పు. మందమంటారా, మిల్లీమీటరులో పదో వంతు! అంత పల్చటి దానిలోనూ మళ్ళీ 3 పొరలున్నాయి.

ఆ పొర వెనక చిన్న గది, మధ్య చెవి. అందులో సుత్తి, దాగలి, రికాబు ఆకారాల్లో 3 బుల్లి ఎముకలు గొలుసులా కలిసి ఉంటాయి. రికాబు ఎముక మన శరీరంలోకెల్లా చిన్న ఎముక, 3 మిల్లీమీటర్లు. మృదంగం మూతలా పొర అదిరితే, ఆ అదురు ఎముకల గొలుసు మీదుగా లోపలి చెవికి చేరేసరికి ఇరవై రెట్ల దాకా బలం పుంజుకుంటుంది. మృదంగం మూత చిరిగితే నాదం ఏమవుతుంది? ఇక్కడా అంతే. చిల్లు చిన్నదైతే గుసగుసలు వినపడవు. పెద్దదైతే పక్క గదిలోంచి పిలిచినా వినపడదు.

ఆ గదికి వెనక నుంచి మరో దారి ఉంది. ముక్కు వెనక భాగం నుంచి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం వస్తుంది. గాలి ఆడటానికి ఏర్పడ్డ దారి అది. జలుబు చేసినప్పుడు చెవులు దిబ్బడ వేసేది ఆ గొట్టం మూసుకుపోవటం వల్లనే. పసిపిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, వెడల్పుగా, వంపు లేకుండా ఉంటుంది. కాబట్టి ముక్కులోని జలుబు సులువుగా చెవికి ఎక్కుతుంది. లోపల చీము పట్టి, బయటికి దారి లేక పొరను పొడుచుకుని వచ్చేస్తుంది. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చిన పిల్లవాడు తెల్లారేసరికి చల్లబడి నిద్రపోతాడు. తలగడ మీద తడి కనిపిస్తుంది. "పోన్లే, పోటు తగ్గింది" అనుకుంటాం. పోటు తగ్గింది పొర చిరిగింది కనుక! సరైన వైద్యం అందితే అలాంటి చిరుగు చాలాసార్లు దానంతటదే పూడుతుంది. పట్టించుకోకపోతేనే, జలుబు చేసినప్పుడల్లా కారి కారి, చిల్లు చిల్లుగానే నిలిచిపోతుంది. అందుకే పసివాళ్ళకు బల్లపరుపుగా పడుకోబెట్టి సీసాపాలు పట్టవద్దనీ, తల కాస్త ఎత్తుగా పెట్టి పట్టమనీ చెబుతారు.

రెండోది, మన చేతులారా చేసుకునేది. వంటింట్లో ఒక్క నిమిషం తీరిక దొరికితే చేతికి దొరికిన పిన్నీసో, తలపిన్నో, అగ్గిపుల్లో, కోడి ఈకో చెవిలో పెట్టి తిప్పుతాం. కళ్ళు మూసుకుని ఆ సుఖం అనుభవిస్తూ ఉండగా పిల్లవాడు వెనక నుంచి వచ్చి మోచెయ్యి తగిలిస్తాడు. అంతే! గులిమి దానంతటదే బయటికి వచ్చేలా చెవికి ఒక ఏర్పాటు ఉంది. మనం పుల్ల పెట్టి తోసేది దాన్ని ఇంకా లోపలికే.

మూడోది దెబ్బ. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను. అరచెయ్యి చాచి చెవి మీద కొడితే, చెవి దారిలో ఉన్న గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి పొరను చీలుస్తుంది. దీపావళి నాడు చెవి పక్కనే టపాకాయ పేలినా, ఏటిలోకి ఎత్తు నుంచి దూకినప్పుడు నీరు చెవికి అడ్డంగా కొట్టినా జరిగేది ఇదే. కొట్టేవారు ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్ళు. అందుకని ఎదురుగా నిలబడ్డవాళ్ళకు పగిలేది ఎక్కువగా ఎడమ చెవి. చెవి డాక్టర్లకు ఇది తెలుసు. "స్నానాల గదిలో జారిపడ్డాను" అని చెప్పే ఇల్లాలి ఎడమ చెవిలో చీలిక కనిపిస్తే వాళ్ళకు అర్థమవుతుంది. అయినా మన నోటితో చెప్పటం మనకే మంచిది. ఎలా తగిలిందో తెలిస్తే వైద్యం సరిగా సాగుతుంది. ఆసుపత్రి కాగితం మీద ఉన్నది ఉన్నట్టు నమోదవుతుంది. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. 181 నంబరుకు ఫోను చేస్తే మహిళలకు సాయం అందుతుంది. బడిలో పిల్లలను కొట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్పింది. భర్త కానివ్వండి, తండ్రి కానివ్వండి, పంతులుగారు కానివ్వండి, చెవి మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు.

ఇలా దెబ్బ వల్ల అప్పుడే పడ్డ చిల్లుకు ఒక శుభవార్త ఉంది. చాలా వరకు కొన్ని వారాల్లో దానంతటదే మూసుకుపోతుంది. మనం చేయవలసిందల్లా చెవిని పొడిగా ఉంచటం, ఏమీ పొయ్యకపోవటం, ముక్కు గట్టిగా చీదకపోవటం. ఒకసారి డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన రోజుకు మళ్ళీ చూపించాలి. సుమారు 3 నెలలు చూసి, అప్పటికీ పూడకపోతే అప్పుడు ఆపరేషను మాట.

పొయ్యకపోవటం అన్నాను. ఇక్కడే మన ఇళ్ళల్లో పెద్ద చిక్కు. చెవి పోటనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోస్తారు. పొర చెక్కుచెదరకుండా ఉంటే ఆ నూనె బయటి దారిలోనే ఆగుతుంది. చిల్లు ఉంటే? సరాసరి మధ్య చెవిలోకి దిగి, ఉన్న చీముకు తోడవుతుంది. మందుల షాపులో "చెవిలో చుక్కలు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవటం కూడా మంచిది కాదు. వాటిలో కొన్ని మందులు చిల్లు గుండా లోపలికి పోతే వినికిడి నరానికే చేటు చేస్తాయి. చిల్లు ఉన్నదీ లేనిదీ డాక్టరు చూసి చెప్పాలి. ఎదురింటి అత్తయ్యగారు చెప్పలేరు గదా!

ఇక అసలు తేడా దగ్గరకు వద్దాం. నిలిచిపోయిన చిల్లులు రెండు తరహాలు. పొర నడిమి భాగంలో పడ్డ చిల్లు ఒక రకం. జలుబు చేసినప్పుడు జిగురు జిగురుగా, సాధారణంగా వాసన లేకుండా కారుతుంది, మళ్ళీ ఎండుతుంది. ఇది కాస్త నెమ్మదైనది. రెండో రకం పొర పైభాగంలో, అంచున పుడుతుంది. అక్కడ చర్మం లోపలికి గుంటలా లాగుకుపోయి, అందులో చచ్చిన చర్మం పేరుకుని, గడ్డలా పెరిగి, చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా తినేస్తుంది. కారేది కొంచెమే, కాని దుర్వాసన. ఒక్కోసారి నెత్తురు చార. దీన్ని వదిలేస్తే మూతి వంకర పోవచ్చు, కళ్ళు తిరగవచ్చు, చీము మెదడు దాకా పాకవచ్చు. "పేనం పోద్దేటి" అన్న ప్రశ్నకు ఇదే జవాబు. కంపు కొట్టే చీము, చెవి వెనక వాపు, చెవి కారుతూ ఉండగా జ్వరంతో విపరీతమైన తలనొప్పి, తల తిరగటం, మూతి ఒక పక్కకు పోవటం, వీటిలో ఏది కనిపించినా రేపు ఎల్లుండి అనకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఈ రెండో రకానికి పొర అతికితే చాలదు. వ్యాధి పట్టిన ఎముకను కూడా తొలిచి శుభ్రం చేయాలి. అది వేరే పెద్ద ఆపరేషను.

మొదటి రకం చిల్లుకు అతుకు వేయవచ్చు. ఈ ఆలోచన ఇవాళ పుట్టింది కాదు. 1640లో బాంజర్ అనే ఆయన పంది మూత్రాశయం పొరను దంతపు గొట్టానికి కట్టి చెవిలో అమర్చి చూశాడు. 1878లో జర్మనీలో బెర్తోల్డ్ చర్మం ముక్కతో చిల్లు మూశాడు. అయినా చేతికందని చోట, కంటికానని చోట ఎంతని చేస్తారు? 1950 తరువాత ఆపరేషను సూక్ష్మదర్శిని చేతికి వచ్చాక, జర్మనీలోనే వూల్‌స్టైన్, సోల్‌నర్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ఒక క్రమపద్ధతిలోకి తెచ్చారు. అదే టింపనోప్లాస్టీ. పొరను మాత్రమే అతికితే మిరింగోప్లాస్టీ అంటారు. పేరు పలకటానికి నోరు తిరగకపోయినా ఫరవాలేదు, "కర్ణభేరి ఆపరేషను" అంటే డాక్టర్లందరికీ తెలుస్తుంది.

సూక్ష్మదర్శినితో చేసే పద్ధతిలో తరచు చెవి వెనక కోసి, చెవి డొప్పను ముందుకు వంచి లోపలికి చూస్తారు. ఎందుకంటే అది బయట నిలబడి చూసే సాధనం. ఆవకాయ జాడీ మూతి ఇరుకుగా ఉందనుకోండి. మీరు బయట నుంచి ఎంత దీపం పట్టినా అడుగున నడిమి భాగమే కనిపిస్తుంది కాని, భుజాల కింద మూలలు కనిపించవు. కనిపించాలంటే మూతి వెడల్పు చేయాలి. చెవి వెనక కోత అందుకే.

అదే మీ కన్నే జాడీలోకి దిగిందనుకోండి! ఎండోస్కోపు చేసే పని అది. 3, 4 మిల్లీమీటర్ల లావున్న సన్నని ఉక్కు గొట్టం, లోపల గాజు కడ్డీల కటకాలు, చివర వెలుగు. ఈ గాజు కడ్డీల ఏర్పాటు ఇంగ్లండులో హాప్కిన్స్ అనే భౌతిక శాస్త్రవేత్త 1959 ప్రాంతంలో కనిపెట్టినది. చెవి ఆపరేషను మొత్తం దీనితోనే చేయవచ్చునని 1990ల్లో దుబాయిలో పనిచేసిన డాక్టరు తరబిషి వంటివారు చేసి చూపించారు. ఇప్పుడు మన దేశంలోనూ చాలాచోట్ల చేస్తున్నారు. గొట్టాన్ని చెవి రంధ్రంలోంచే పంపుతారు. లోపలి బొమ్మ ఎదురుగా టీవీ తెర మీద పెద్దగా కనిపిస్తుంది. చివర ఏటవాలుగా ఉన్న గొట్టం పెడితే మూలమూలలూ కనిపిస్తాయి.

ఇంతకూ అతుకు దేనితో వేస్తారు? మన శరీరం నుంచే. చెవికి పైన, కణత దగ్గర కండరాన్ని కప్పుతూ ఒక పల్చని పొర ఉంటుంది. అది తీస్తారు, జుట్టులో చిన్న గాటు పెట్టి. లేదా చెవి రంధ్రానికి ముందు, మనం శబ్దం వినలేక వేలితో నొక్కి మూస్తామే, ఆ మెత్తటి ఎముక నుంచి చిన్న పలకనో, దాని మీది పొరనో తీస్తారు. ముందు చిల్లు అంచు గీకి పచ్చి చేస్తారు. పాత అంచు ముదిరి ఉంటుంది, పచ్చి అంచు అయితేనే కొత్త చర్మం పాకుతుంది. తరువాత అతుకును ఎక్కువగా పొర అడుగు నుంచి పెడతారు. రవికె చిరిగితే లోపలి వైపు నుంచి గుడ్డ వేసి కుట్టమా, అలాగన్నమాట. ఇక్కడ కుట్లు ఉండవు. కరిగిపోయే మెత్తటి స్పాంజి ముక్కలు అటూ ఇటూ పెట్టి అతుకు కదలకుండా నిలుపుతారు. కొందరికి చెవి వరకు తిమ్మిరి ఇచ్చి, కొందరికి పూర్తిగా మత్తు ఇచ్చి చేస్తారు. మామూలు చిల్లయితే గంట, గంటన్నర పని.

చెవి వెనక కోత లేకపోతే నొప్పి తక్కువ, కట్టు చిన్నది, మచ్చ కనిపించదు, ఇంటికి త్వరగా రావచ్చు. పెళ్ళి కావలసిన ఆడపిల్లల తల్లులకు ఈ మచ్చ మాట ముఖ్యంగా తోస్తుంది. కాని, అమ్మా, ఒక్కటి గుర్తుంచుకోండి. అతుకు పట్టటంలోనూ, వినికిడి రావటంలోనూ రెండు పద్ధతుల ఫలితాలూ ఇంచుమించు ఒకటేనని ఇంతవరకు వచ్చిన లెక్కలు చెబుతున్నాయి. తగిన చిల్లుకు, అలవాటున్న చేతిలో, నూటికి 85 నుంచి 95 మందికి అతుకు పడుతుంది. ఎండోస్కోపుకు ఇబ్బందీ ఉంది. డాక్టరుకు ఒక చెయ్యి గొట్టం పట్టుకోవటానికే సరిపోతుంది, పని అంతా రెండో చేతితోనే. రక్తం ఎక్కువ వచ్చే చెవికి, ఎముక తొలవవలసిన చెవికి సూక్ష్మదర్శినే మేలని డాక్టరు అనవచ్చు. అప్పుడు, "గొట్టంతో చేస్తేనే చేయించుకుంటాం" అని పట్టుబట్టకండి. చెవి వెనక మచ్చను జుట్టూ, డొప్పా కప్పేస్తాయి. వినికిడి పోతే దేనితో కప్పుతాం?

ఆపరేషనుకు ముందు డాక్టర్లు కొన్ని చూస్తారు. చెవి కొన్ని వారాలుగా పొడిగా ఉందా? ముక్కులో, గొంతులో చీము పట్టే తావులున్నాయా? రక్తం తక్కువా, చక్కెర ఎక్కువా? వినికిడి ఎంత తగ్గింది? ఈ చివరిది ఆడియోగ్రామ్ అనే పరీక్షలో తెలుస్తుంది. ఆ కాగితం భద్రంగా దాచుకోండి. తరువాత వచ్చిన లాభాన్ని దానితోనే పోల్చి చూస్తారు. లోపం నరంలో ఉంటే పొర అతికినా వినికిడి పూర్తిగా రాదు. ఎముకల గొలుసు తెగి ఉంటే దాన్నీ సరిచేయాలి. గర్భిణులకు సాధారణంగా కాన్పు అయ్యేదాకా ఆగమంటారు. మరీ చిన్నపిల్లలకు జలుబులు సర్దుకునే వయసు దాకా వాయిదా వేస్తారు. కొందరికి అతుకు పట్టకపోవచ్చు, కొన్నాళ్ళు నాలుక మీద ఒక పక్క రుచి మారవచ్చు, చెవిలో హోరు ఉండవచ్చు, బహు అరుదుగా వినికిడి ఇంకా తగ్గవచ్చు. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోవటం మన హక్కు. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఎక్కడికి వెళ్ళాలి? ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి చీటీ తీసుకోండి. మా వైపు వారికి టెక్కలి, ఆపైన శ్రీకాకుళంలో 2008లో రిమ్స్ పేరుతో మొదలైన వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో వచ్చింది. విశాఖపట్నం పెదవాల్తేరులో చెవి, ముక్కు, గొంతులకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే రైలు మా పాతపట్నంలో ఆగుతుంది. ఒకప్పటి చిన్న రైలు మార్గం 2011 నుంచి పెద్ద లైను అయిన తరువాత, నౌపడాలో దిగి బండి మారే బాధ తప్పింది. ఖర్చు మాటకొస్తే, 2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట ప్రవేశపెట్టిన 3 జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. 2024 నుంచి ఆ పథకాన్ని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మీ కార్డు తీసుకువెళ్ళి, మీ ఆపరేషను అందులో వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసే వారిని చేరకముందే అడగండి.

ఇక మన వంటింటి మాట. ఆపరేషను గంట పనే కాని, అసలు పరీక్ష ఆ తరువాతి 6 వారాలు. డాక్టరు వేసిన అతుకును నిలబెట్టేది ఆ ఇల్లు. చెవిలోకి చుక్క నీరు పోకూడదు. తలస్నానం ఎప్పుడు చేయవచ్చో డాక్టరు చెప్పేదాకా ఆగాలి. ఒళ్ళు కడుక్కునేటప్పుడు కూడా వ్యాజలైన్ రాసిన దూది చెవికి అడ్డం పెట్టుకోవాలి. ఏటి స్నానం, చెరువులో మునక అసలే వద్దు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా, నోరు తెరిచి తుమ్మాలి. మిరపకాయల పోపు ఘాటుకు ఇల్లంతా తుమ్ముతుంది గదా, ఆ 6 వారాలూ పోపు ఎవరు పెడతారో ముందే చూసుకోండి. నీళ్ళ బిందె, తడి బట్టల బకెట్టు, గ్యాసు బండ ఎత్తకూడదు. ముక్కి బరువులెత్తితే ఆ ఒత్తిడి అతుకు మీద పడుతుంది. విమానం ఎక్కవలసి వస్తే డాక్టరును అడిగి ఎక్కాలి. స్పాంజి కరిగేదాకా చెవి దిబ్బడగానే ఉంటుంది. "ఆపరేషను చేయించుకున్నా వినపడలేదు" అని బెంగపడవద్దు. సుమారు 3 నెలలకు మళ్ళీ ఆడియోగ్రామ్ తీస్తేనే ఫలితం తేలుతుంది.

మన ఆడవాళ్ళు ఈ ఆపరేషను ఏళ్ళ తరబడి వాయిదా వేసేది చాలాసార్లు డబ్బు లేక కాదు, భయమూ కాదు. "6 వారాలు నేను పక్కన కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది?" అన్న ఒక్క ఆలోచనే. మా వీధిలో ఒకావిడ పదిహేనేళ్ళుగా ఒక్క చెవితోనే కాలక్షేపం చేసింది. పిల్లల పరీక్షలు ఒక ఏడు, ఆడబిడ్డ పురుడు ఒక ఏడు, మామగారి కంటి ఆపరేషను ఒక ఏడు. చివరకు కూతురే ముందుకొచ్చింది. "అమ్మా, నేను వెనక నుంచి పిలిస్తే నువ్వు పలకవు. నీకు కోపం వచ్చిందేమో అనుకుని చిన్నప్పుడు ఏడ్చేదాన్ని. ఈ వేసవి సెలవుల్లో వంట నాది, నీళ్ళు తమ్ముడివి. నువ్వు ఆసుపత్రికి పద" అంది. ఆవిడ వెళ్ళింది. ఆ ఇల్లు ఏమీ కూలిపోలేదు. కూరలో ఉప్పు నాలుగు రోజులు ఎక్కువైంది, మరో నాలుగు రోజులు తక్కువైంది. 3 నెలల తరువాత ఆ చెవితోనే ఆవిడ ఫోను మాట్లాడుతోంది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. చిల్లు చెవి పిల్లవాడికి బడిలో చివరి బెంచీ దొరికితే పాఠం సగమే చేరుతుంది. పిల్లవాడు మొద్దు అంటారు, పెంకి అంటారు. పదిమందిలో చెవిటి అని పేరు పెడతారు. ఆడపిల్లయితే మనమే చెవి మీద జుట్టు కప్పి, సంగతి బయటకు పొక్కకుండా దాస్తాం. దాచిన కొద్దీ ఏళ్ళు గడుస్తాయి. చదువు వెనకబడుతుంది. చిల్లున్న పొరను దాచటం కన్నా అతికించటం తేలిక.

ఈ వారంలో ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి చాపు దూరంలో వెనకగా నిలబడండి. ఒక చెవిని వారి వేలితోనే మూసి మెల్లగా రుద్దుతూ ఉండమని చెప్పండి. రెండో చెవికి వినపడేలా గుసగుసగా 3 అంకెలు చెప్పి, తిరిగి చెప్పమనండి. తరువాత చెవి మార్చండి. అత్తగారికి, పిల్లలకు, ఇంటాయనకు అందరికీ చేయండి. చివరకు మీరు కుర్చీలో కూర్చుని పిల్లల చేత మీకు చేయించుకోండి. రెండు మూడు సార్లు చేసినా అంకెలు సగం కూడా అందకపోతే, లేదా ఎవరి చెవి అయినా ఏడాదిలో రెండుసార్లు కారితే, చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు అప్పుడే నిర్ణయించుకోండి. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. దాని పక్కన, అవసరమైతే మీకు కావలసిన 6 వారాలు కూడా గీత గీసి పెట్టండి. ఇంట్లో అందరూ అది చూడాలి.